ఉత్తరం గురించి వచ్చిన ఉత్తరాలు

పోయిన నెల ఈ శీర్షికలో పొలం కొలతల గురించి రాస్తూ ‘బేరింగ్’ అనే మాట ఒకటి వాడి, దాన్ని వివరించకుండా ముందుకు వెళ్ళిపోయాను. 31 ఏళ్ళు పాలిటెక్నిక్ పిల్లలకు సర్వే ప్రాక్టికల్స్ చెప్పినదాన్ని, అలా చేసి ఉండకూడదు. అందుకు శిక్షగా పత్రిక కార్యాలయం వారు ఒక లావుపాటి కవరు పంపారు. అందులోని ఉత్తరాలన్నీ ఉత్తరం గురించే.

దాదాపు అందరిదీ ఒకే పొరపాటు. ‘మా ఇల్లు 84 డిగ్రీలు’, ‘మా గట్టు 4 డిగ్రీలు వంకర’ అని అంకె రాస్తారు గానీ, దాన్ని ఎక్కడి నుంచి కొలిచారో రాయరు. బేరింగ్ అంటే ఉత్తరపు గీత నుంచి గడియారం ముల్లు తిరిగే వైపుగా మనం చూస్తున్న గీత వరకు ఉన్న కోణం. తూర్పు 90, దక్షిణం 180, పడమర 270, చుట్టూ తిరిగి వస్తే 360. ఇంతవరకు అందరికీ తెలుసు. అసలు చిక్కు ఆ ఉత్తరపు గీతతోనే. ధ్రువం వైపు చూపే నిజ ఉత్తరం ఒకటి, అయస్కాంతపు ముల్లు చూపే ఉత్తరం ఒకటి, పటం మీద అచ్చువేసిన నిలువు గీతల ఉత్తరం ఒకటి. ఈ మూడింటిలో దేని నుంచి కొలిచారో చెప్పకపోతే ఆ అంకె ఊరి పేరు లేని చిరునామా లాంటిది.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మా ల్యాబ్‌లో రెండు రకాల కంపాస్‌లు చూపించారు. సర్వేయర్ కంపాస్ పళ్ళెం మీద తూర్పు, పడమర తారుమారుగా రాసి ఉన్నాయి. ప్రిజ్మాటిక్ కంపాస్‌లో సున్నా దక్షిణం దగ్గర ఉంది. కారణం అడిగితే పరీక్షకు గుర్తుపెట్టుకుంటే చాలన్నారు. (డిప్లొమా విద్యార్థి, కాకినాడ)

జవాబు: గుర్తుపెట్టుకోకు బాబూ. గుర్తుపెట్టుకున్నది పరీక్ష హాలు గుమ్మం దగ్గరే జారిపోతుంది.

నువ్వు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నావనుకో. దూరంగా గుడి గోపురం కనిపిస్తోంది. బస్సు కుడివైపు మలుపు తిరిగితే గోపురం ఎటు జరిగినట్టు అనిపిస్తుంది? ఎడమవైపుకు. గోపురం కదలలేదు, తిరిగింది నీ బస్సు. సర్వేయర్ కంపాస్‌లో డిగ్రీల చట్రం పెట్టెకు బిగించి ఉంటుంది కాబట్టి అది బస్సు. ముల్లు గోపురం. నువ్వు ఉత్తరం వైపు గురి చూసి, తర్వాత పెట్టెను కుడివైపు అంటే తూర్పుకు తిప్పితే, ముల్లు అక్కడే నిలబడి చట్రంలో ఎడమవైపుకు వచ్చినట్టు కనిపిస్తుంది. ముల్లు ఉత్తరపు కొన ఎక్కడ ఆగిందో అక్కడే కదా చదవాలి? చూస్తున్నది తూర్పు వైపు కాబట్టి ఆ ఎడమ పక్కన ‘తూర్పు’ అని రాసి ఉండాలి. తారుమారు అంతవరకే. తయారు చేసినవాడు పొరపాటు చేయలేదు, మనం చదివేటప్పుడు పొరపాటు పడకుండా ముందే సర్ది పెట్టాడు.

ప్రిజ్మాటిక్‌లో వ్యవహారం వేరు. అక్కడ డిగ్రీల వలయం ముల్లుకే అతికించి ఉంటుంది, ముల్లుతోపాటు అదీ కదలకుండా నిలబడుతుంది. తిరిగేది పెట్టె, దానితోపాటు నువ్వు. చదివేది పట్టకం గుండా, అదీ నీ కంటి వైపు నుంచి, అంటే గురికి సరిగ్గా ఎదురు పక్క నుంచి. ఉత్తరానికి గురి పెట్టినప్పుడు నీ కన్ను దక్షిణం వైపున ఉంది. ఆ కంటి కింద వలయపు దక్షిణపు కొన ఉంది. చదవాల్సింది సున్నా. అందుకే సున్నాను తీసుకెళ్ళి దక్షిణం దగ్గర పెట్టారు. అదే లెక్కన 90 పడమర దగ్గరకు, 180 ఉత్తరం దగ్గరకు, 270 తూర్పు దగ్గరకు వెళ్ళాయి. అంకెలు తలకిందులుగా చెక్కి ఉండటం కూడా నువ్వు గమనించే ఉంటావు. పట్టకం వాటిని సరిచేసి చూపిస్తుంది.

ఇంకొక సంగతి. సర్వేయర్ కంపాస్ ‘దక్షిణం 38 తూర్పు’ అన్నట్టు పావు వృత్తంలో చెబుతుంది. దక్షిణం నుంచి తూర్పు వైపు 38 డిగ్రీలు వెనక్కి రావడం అది, అంటే 180లోంచి 38 తీసేస్తే 142. సూత్రాల పట్టిక జోలికి పోకుండా ప్రతిసారీ ఒక వృత్తం గీసుకో. నేను ఇప్పటికీ గీసుకుంటాను.

ప్రశ్న: మేడమ్, మా బృందం కాలేజీ వెనక మైదానంలో నాలుగు స్టేషన్ల ట్రావర్స్ చేసింది, అంటే నాలుగు చోట్ల కంపాస్ నిలబెట్టి, ఒక చోటి నుంచి ఇంకొక చోటికి గురి చూస్తూ చుట్టి వచ్చాం. ముందు బేరింగ్, వెనక బేరింగ్ ఇలా వచ్చాయి. ఏబీ: 62°30', 242°30'. బీసీ: 141°00', 318°30'. సీడీ: 238°00', 60°30'. డీఏ: 318°15', 138°15'. రెండు రేఖలు కుదరలేదు. మళ్ళీ మొదటినుంచి చేయాలా? (విద్యార్థిని, వరంగల్)

జవాబు: అక్కర్లేదమ్మాయీ. నీ దగ్గర ఉన్న అంకెలే దొంగను పట్టిస్తాయి.

ఒక గీతను ఇటు నుంచి చూసినా అటు నుంచి చూసినా గీత ఒకటే కాబట్టి, రెండు బేరింగ్‌ల మధ్య తేడా 180 ఉండాలి. ఏబీకి సరిగ్గా ఉంది, కాబట్టి ఏ, బీ రెండు చోట్లా ముల్లు నిజమే చెప్పింది. డీఏకీ ఉంది, కాబట్టి డీ కూడా మంచిదే. తప్పిన రెండు రేఖల్లోనూ ఉన్నది సీ. బీ నుంచి సీని చూసినప్పుడు 141 వచ్చింది, బీ నమ్మకస్తురాలు. సీ నుంచి తిరిగి చూస్తే 321 రావాలి, వచ్చింది 318°30'. అంటే సీ దగ్గర ముల్లు రెండున్నర డిగ్రీలు తక్కువ చూపిస్తోంది. సీ దగ్గర చదివిన ప్రతి అంకెకూ ఆ రెండున్నర కలుపు. సీడీ 238 కాస్తా 240°30' అవుతుంది. డీ నుంచి వెనక్కి చూస్తే 60°30' రావాలి. నువ్వు రాసుకున్నదీ అదే. లెక్క మూసుకుంది. ఇక సీ దగ్గర నేలలో ఏమి ఉందో వెళ్ళి చూడు. బోరు కేసింగు పైపో, పాత గేటు స్తంభమో, మీ కొలత గొలుసునే కుప్పగా పోసి అక్కడ పెట్టారో.

దగ్గరలోని ఇనుము ముల్లును ఇలా పక్కకు లాగడాన్ని సర్వే వాళ్ళు ‘లోకల్ అట్రాక్షన్’ అంటారు. దీని గురించి నాకు బాగా తెలుసని అనుకున్న రోజుల్లోనే ఇది నా పరువు తీసింది. 1989లో ఉద్యోగంలో చేరిన మొదటి సంవత్సరం, పెళ్ళయి మూడు నెలలు. ఐదు స్టేషన్ల ట్రావర్స్ నేనే చేసి చూపిస్తానని పిల్లలను చుట్టూ నిలబెట్టాను. ఒక్క రేఖ కూడా కుదరలేదు. తేడా ఒకచోట 177, ఒకచోట 184. కంపాస్ మార్చాను. మళ్ళీ అంతే. పిల్లలు నోట్సులో రాసుకోవాలా వద్దా అన్నట్టు నా ముఖం చూస్తున్నారు. మా ల్యాబ్ అటెండర్ అప్పటికే తల నెరిసిన మనిషి, ఆ పెట్టెలు మోసి మోసి భుజం ఒక పక్కకు వాలిపోయింది. దగ్గరకు వచ్చి మెల్లగా అన్నాడు: “అమ్మగారూ, మీరు వంగినప్పుడల్లా ముల్లు మీకు దణ్ణం పెడుతోంది.”

నా పుస్తెల తాడుకు ఐదు పిన్నీసులు వేలాడుతున్నాయి. చీరకు ఒకటి తెగితే ఇంకొకటి ఉంటుందని మా అత్తగారు తగిలించినవి. కంపాస్ మీదికి వంగి పట్టకంలో చూస్తుంటే అవి పెట్టె అంచుకు జానెడు దూరంలో ఊగుతున్నాయి.

తర్వాత ఇంటికి వెళ్ళి కాగితం మీద వేసుకుంటే అర్థమయింది. ఇనుము నేలలో ఉంటే నీకు వచ్చినట్టు ఒకటో రెండో స్టేషన్లు చెడతాయి. అన్నీ చెడ్డాయంటే ఆ ఇనుము మనతో పాటు నడుస్తోందన్నమాట. పైగా నేను ఎప్పుడూ గురికి వెనక పక్కనే నిలబడతాను కాబట్టి, ముందుకు చూసినప్పుడు పిన్నీసులు ముల్లును ఒక వైపుకు లాగితే, అవతలి చివర నుంచి వెనక్కి చూసినప్పుడు రెండో వైపుకు లాగాయి. తేడా రెట్టింపు అయి బయటపడింది. ఆ రోజు నుంచి ప్రాక్టికల్స్‌కి వచ్చే ప్రతి ఆడపిల్లా పిన్నీసులు, మగపిల్లలు తాళాల గుత్తులు, ఇప్పుడైతే అందరూ ఫోన్లు, ఒక ఇత్తడి పళ్ళెంలో పెట్టాకే కంపాస్ ముట్టుకోవాలన్న నియమం పెట్టాను. ఇత్తడిదే ఎందుకో నీకు చెప్పనక్కర్లేదు. స్టీలు ఫ్రేము కళ్ళద్దాలు మాత్రం తీయించలేకపోయాను, తీస్తే అంకె కనబడదు.

ఇది పిల్లల ప్రాక్టికల్స్ సమస్య మాత్రమే అనుకోకు. బొంబాయి కొలాబాలో భూమి అయస్కాంత క్షేత్రాన్ని దశాబ్దాల తరబడి కొలుస్తున్న అబ్జర్వేటరీ ఉండేది. నగరంలో ట్రాములను విద్యుత్తుతో నడపాలని నిర్ణయించగానే ఆ కొలతలకు ముప్పు వచ్చింది. ట్రాములను ఆపలేదు, అబ్జర్వేటరీనే సముద్రం అవతల అలీబాగ్‌కు మార్చారు. 1904 నుంచి అది అక్కడే పనిచేస్తోంది. ఇనుము కలవని రాయి చూసి మరీ కట్టారు. మన హైదరాబాద్‌లోనూ అదే కథ. ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వారు నగరపు గోలకు దూరంగా చౌటుప్పల్ దగ్గర ఇంకొక అయస్కాంత అబ్జర్వేటరీ పెట్టుకున్నారు. ఊరు పెరిగితే ముందు బెదిరేది ముల్లే.

ప్రశ్న: మాది విజయవాడ. గృహప్రవేశం 2025 ఉగాదినాడు చేశాం. ఆ ఉదయం సూర్యుడు సరిగ్గా గుమ్మానికి ఎదురుగా వచ్చాడు. సంక్రాంతికి చూస్తే బాగా పక్కకు జరిగిపోయాడు. కంగారుపడి ఫోనులో దిక్సూచి పెడితే పడకగదిలో 82, బాల్కనీలో 97, వీధిలో 89 చూపించింది. వాస్తు చూసే ఆయన తన దిక్సూచితో 94 అన్నారు, ఇల్లు ఆగ్నేయానికి తిరిగిందన్నారు. మా అబ్బాయి సియాటిల్‌లో ఇల్లు కొంటున్నాడు, వాడికీ ఇదే బెంగ అంటించాను. ఏది నమ్మాలి? (గృహిణి)

జవాబు: అమ్మా, వాస్తు నా విద్య కాదు. ఆగ్నేయానికి తిరిగితే ఏమవుతుందో నేను చెప్పలేను, చెప్పను. ఇల్లు ఎటు తిరిగి ఉందో తేల్చడం మాత్రం నా విద్యే.

ముందు సూర్యుడి సంగతి. సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించేది సంవత్సరంలో రెండు సార్లే, మార్చి 20 చుట్టుపక్కల, సెప్టెంబరు 22 చుట్టుపక్కల. 2025లో ఉగాది మార్చి 30న వచ్చింది, అప్పటికి ఆయన తూర్పు నుంచి నాలుగు డిగ్రీలే ఉత్తరానికి జరిగాడు. సంక్రాంతికి దాదాపు 22 డిగ్రీలు దక్షిణానికి వెళ్ళిపోతాడు. జూన్ 21 నాటికి మీ ఊళ్ళో సుమారు 65 డిగ్రీల బేరింగ్ దగ్గర, డిసెంబరు 21 నాటికి సుమారు 115 దగ్గర ఉదయిస్తాడు. అంటే ఏటా దాదాపు 50 డిగ్రీల మేర అటూ ఇటూ తిరుగుతాడు. మీ గుమ్మం కదలలేదు, కంగారు పడకండి. నిజానికి ఉగాదినాటి మీ చూపే ఇప్పటివరకు జరిగిన కొలతలన్నిటిలోకి నమ్మదగింది. సముద్రం ఎదురుగా ఉంటే అది తూర్పేనని విశాఖలో చాలామంది అనుకున్నట్టు మీరు అనుకోలేదు. అక్కడి తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది కాబట్టి, బీచ్ రోడ్డులో సముద్రానికి ఎదురుగా నిలబడినవారు చూసేది ఆగ్నేయం.

ఇక ఫోను. పడకగది గోడల్లో, స్తంభాల్లో, స్లాబులో ఇనుప కడ్డీల అల్లిక ఉంది. మంచం స్టీలుదైతే అదొకటి. బాల్కనీలో గ్రిల్లు, ఏసీ పెట్టె. ఈ రెండు అంకెలూ పక్కన పడేయండి. వీధిలో వచ్చిన 89 కొంత నయం, పక్కన కారు ఆపి లేకపోతే. ఫోను కవరుకు అయస్కాంతపు బొత్తాం ఉంటే అది తీసేసి, ఫోనును గాలిలో ఎనిమిది అంకె ఆకారంలో నాలుగైదు సార్లు తిప్పి, వాహనాలకు, కరెంటు స్తంభాలకు పది మీటర్ల దూరంలో నిలబడి చూడండి. ఇంటి ముందు గోడ వెంబడి ఒక చివర నుంచి ఇంకొక చివరకు ఒకసారి, తిరిగి ఇటు ఒకసారి. రెండింటికీ 180 తేడా వస్తే నమ్మండి. గుమ్మం చూసే దిక్కు ఆ గోడ గీతకు 90 డిగ్రీల్లో ఉంటుంది. వాస్తు ఆయన దిక్సూచి ఎంత మంచిదైనా దాన్ని ఏ బీరువా పక్కన పెట్టి చూశారో నాకు తెలియదు.

ఫోను వద్దు, ముల్లూ వద్దు అంటే దీనికన్నా పాత పద్ధతి ఒకటి ఉంది. ఇప్పుడు మనం ‘శంకుస్థాపన’ అని కొబ్బరికాయ కొట్టి శిలాఫలకం మీది పేర్లు చదువుకుంటున్నాం గానీ, శంకువు అంటే నీడ చూడటానికి నిలబెట్టే పుల్ల. దానితోనే పూర్వం దిక్కు తేల్చేవారు. మీ డాబా మీద చదునైన చోట మీటరు కర్రను తూకపు దారంతో నిలువుగా నిలబెట్టండి. దాని మొదలు మధ్యబిందువుగా ఒక వృత్తం గీయండి. ఉదయం తొమ్మిది గంటలకు నీడ కొన ఎంత దూరంలో ఉందో అంత వ్యాసార్ధం చాలు. పొద్దెక్కే కొద్దీ నీడ కుదించుకుని వృత్తం లోపలికి వస్తుంది. సరిగ్గా కొన గీతను దాటిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టండి. మధ్యాహ్నం దాటాక నీడ సాగి, మూడు గంటల ప్రాంతంలో వృత్తాన్ని ఇంకొక చోట దాటి బయటకు పోతుంది. అక్కడ రెండో గుర్తు. రెండు గుర్తులనూ కలిపిన గీత తూర్పు పడమరలు. దానికి లంబంగా గీస్తే నిజ ఉత్తరం. దీనికి ఇనుముతో పేచీ లేదు, స్లాబులో ఎన్ని టన్నుల కడ్డీ ఉన్నా సరే.

ఒక్క జాగ్రత్త. మిట్టమధ్యాహ్నం నీడ ఎటు పడితే అటు ఉత్తరం అని ఎవరైనా అంటే ఏ నెల అని అడగండి. వేసవిలో కొన్ని వారాలు సూర్యుడు మన నడినెత్తి దాటి ఉత్తరానికి వెళ్తాడు. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో, మళ్ళీ ఆగస్టు 3 ప్రాంతంలో మధ్యాహ్నం నిలువు కర్రకు నీడే పడదు. ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది. వృత్తం పద్ధతికి మాత్రం ఈ బాధ లేదు, ఏ నెలలోనైనా చేయవచ్చు.

మీ అబ్బాయి సంగతి. మన దగ్గర ముల్లు ఉత్తరానికీ నిజ ఉత్తరానికీ ఉన్న తేడా ఒక డిగ్రీ చుట్టుపక్కలే, అందుకే ఎవరూ పట్టించుకోరు. సియాటిల్‌లో ముల్లు నిజ ఉత్తరం నుంచి దాదాపు 15 డిగ్రీలు తూర్పుకు తిరిగి ఉంటుంది. అదే న్యూజెర్సీలో అయితే 12, 13 డిగ్రీలు పడమరకు. ఇక్కడ అలవాటైన లెక్క అక్కడ పనికిరాదు. ఫోను సెట్టింగుల్లో ‘నిజ ఉత్తరం’ అన్న ఎంపిక ఉంటుంది, అది వేసుకుని చూడమనండి. లేకపోతే వాడి ఇంటికి లేని వంకర అంటగట్టుకుంటాడు.

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా. పక్క పొలం వారి కుమారుడు ఫోను తెచ్చి మా మధ్య గట్టు మీద పెట్టి, అది ఉత్తరానికి సూటిగా లేదు, 4 డిగ్రీలు వంకర ఉంది, అంటే మీరు లోపలికి జరిగారు అంటున్నాడు. మా దస్తావేజులో ‘తూర్పు: ఫలానా వారి భూమి’ అని ఉంది. కంపాస్ తెప్పించి తేల్చవచ్చా? (రైతు)

జవాబు: తేల్చకూడదండీ. దస్తావేజులో తూర్పు అంటే 90 డిగ్రీలు అని కాదు, ఆ పక్క అని. గట్టు సరిగ్గా ఉత్తర దక్షిణాలుగా ఉండాలని ఎవరూ, ఎక్కడా రాయలేదు. మన పొలాల్లో అలా ఉన్న గట్టు కనిపిస్తే నేనే ఆశ్చర్యపోతాను.

మన భూముల రికార్డులు కోణాల మీద కట్టినవి కావు, పొడవుల మీద కట్టినవి. పొలం కొలతలు రాసిన పటాన్ని మీ వైపు టిప్పన్ అంటారు, ఆంధ్ర వైపు ఎఫ్ఎంబీ (ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్) అంటారు. తెప్పించి చూడండి. అందులో రాయి నుంచి రాయికి ఎంత దూరం, ఆధార గీత మీద ఎంత దూరం వెళ్ళి ఎంత పక్కకు ఆఫ్‌సెట్ తిరగాలి అని కొలతలు ఉంటాయి గానీ ఒక్క బేరింగ్ కూడా ఉండదు. ఆంధ్ర వైపు పాత కొలతకు 66 అడుగుల గొలుసు, దానికి 100 లింకులు, పది చదరపు గొలుసులు ఒక ఎకరం. అలా గొలుసుతో కొలిచిన తాతల కాలపు పొలాన్ని మళ్ళీ కొలవాలన్నా పొడవులతోనే కొలవాలి. మూడు వైపుల పొడవులు తెలిస్తే త్రిభుజం ఇక కదలదు, అందుకు కోణం అక్కర్లేదు. ఇది అర్థం చేసుకునే ఆ పద్ధతి పెట్టారు.

కంపాస్ ఎంత తేడా చేస్తుందో చూడండి. ఒక డిగ్రీ తప్పితే 100 మీటర్లకు 1.75 మీటరు పక్కకు జరుగుతుంది. మంచి ప్రిజ్మాటిక్ కంపాస్ వలయం మీదే గీతలు అర డిగ్రీకి ఒకటి ఉంటాయి. 200 మీటర్ల గట్టు మీద ఆ అర డిగ్రీ మళ్ళీ 1.75 మీటరే. ఆ అబ్బాయి చేతిలోని ఫోను అర డిగ్రీతో ఆగదు, మోటారు పక్కన పెడితే పది డిగ్రీలు తప్పుతుంది. కట్టెల కాటా మీద బంగారం తూచినట్టు ఉంటుంది. హద్దు రాళ్ళు కదలలేదా, ట్రైజంక్షన్ రాయి (మూడు హద్దులు కలిసే చోటి రాయి) ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న. సర్వేకు దరఖాస్తు పెట్టి, ఇద్దరూ దగ్గర ఉండి కొలిపించుకోండి. ఆ రోజు అతన్ని ఫోను తేవద్దనకండి, ఫోటోలు తీయడానికి పనికొస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో ఉపగ్రహ సంకేతాలు అందుకునే పరికరాలతో ప్రతి మూలకూ అక్షాంశ రేఖాంశాలు రాస్తున్నారు. అలాంటి పొలంలో రెండు మూలల అంకెల నుంచి బేరింగ్‌ను లెక్క కట్టవచ్చు. అయితే అలా వచ్చేది నిజ ఉత్తరం నుంచో పటం గీతల ఉత్తరం నుంచో కొలిచిన కోణం, ముల్లు ఉత్తరం నుంచి కాదు. రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చి పోట్లాడుకోకండి.

ప్రశ్న: నేను భూగోళం చెబుతాను. పిల్లలతో చిన్న కొండ ఎక్కి, టోపోషీట్ (కొండలు, చెరువులు, ఊళ్ళు చూపే వివరమైన సర్వే పటం) చూసి మేము ఎక్కడ ఉన్నామో కనుక్కోవాలని కోరిక. షీటు అంచున ఉత్తరం బాణాలు ఒకటికి మించి ఉన్నాయి, తికమకగా ఉంది. (ఉపాధ్యాయుడు, వికారాబాద్)

జవాబు: మాస్టారూ, మీ పిల్లలు అదృష్టవంతులు. నేను చదువుకున్నప్పుడు టోపోషీట్‌ను బీరువా అద్దం వెనక నుంచే చూపించారు.

ఆ బాణాలు మొదట్లో చెప్పిన మూడు ఉత్తరాలే. వాటి పక్కన ముల్లు ఉత్తరం ఎంత తేడాగా ఉందో, ఏ సంవత్సరం నాటి మాటో కూడా అచ్చువేసి ఉంటుంది. సంవత్సరం చాలా ముఖ్యం. ముల్లు ఉత్తరం ఒకచోట నిలకడగా ఉండదు, భూగర్భంలో కరిగిన ఇనుము కదలికతో అదీ జరుగుతూ ఉంటుంది. లండన్‌లో 1580లో అది నిజ ఉత్తరానికి 11 డిగ్రీలు తూర్పున ఉండేది, 1820 ప్రాంతానికి 24 డిగ్రీలు పడమరకు వెళ్ళింది. తిరిగి వస్తూ 2019లో గ్రీనిచ్ దగ్గర నిజ ఉత్తరంతో కలిసింది. మన అదృష్టం, మన వైపు అంత ఊగదు.

ఇక పని. కొండ మీద నుంచి పటంలో ఉన్న రెండు గుర్తులు వెతకండి. గుడి గోపురం ఒకటి, చెరువు కట్ట చివర ఒకటి అనుకుందాం. కంపాస్‌తో గోపురం 40, కట్ట చివర 310 వచ్చాయి. పిల్లలు ఇక్కడే తడబడతారు. మనం ఎక్కడ ఉన్నామో తెలియదు కాబట్టి మన దగ్గర నుంచి గీత గీయలేం, గోపురం దగ్గర నుంచి మన వైపు గీయాలి. అందుకు వెనక బేరింగ్ కావాలి. 40కి 180 కలిపితే 220. 310 ఎక్కువ కాబట్టి 180 తీసేస్తే 130. పటంలో గోపురం నుంచి 220 దిక్కుగా ఒక గీత, కట్ట చివర నుంచి 130 దిక్కుగా ఇంకొకటి. అవి కలిసిన చోట మీరు నిలబడి ఉన్నారు. రెండు గుర్తుల మధ్య కోణం 90కి దగ్గరగా ఉండేలా ఎంచుకోండి. పక్కపక్కన ఉన్న రెండు గుర్తులు తీసుకుంటే గీతలు కత్తెరలా సన్నగా కలిసి, ఎక్కడ కలిశాయో తెలియదు. మూడో గుర్తు కూడా తీసుకుంటే చిన్న త్రికోణం వస్తుంది. అది పెద్దదైతే ఎవరో ఒకరి జేబులో తాళాలు ఉన్నాయని అర్థం.

ముల్లు తేడా సరిదిద్దాలా అంటే, 1:50,000 షీటు మీద 5 కిలోమీటర్ల దూరపు గుర్తుకు ఒక డిగ్రీ అంటే నేల మీద 87 మీటర్లు, పటం మీద దాదాపు 1.75 మిల్లీమీటరు. చెక్కని పెన్సిలు గీత అంత మందం. మొదటిసారి వదిలేయండి, రెండోసారి కలపడం నేర్పండి. షీటు కొనేటప్పుడు నంబరు చూసుకోండి. హైదరాబాద్ నడిబొడ్డుది పాత లెక్కలో 56 కె/7. మీది దానికి పడమర వైపు ఉంటుంది, ఆ నంబరు కనుక్కునే పని పిల్లలకే ఇవ్వండి.

ప్రశ్న: అమ్మమ్మగారూ, మేము శంషాబాద్‌లో విమానం ఎక్కినప్పుడు రన్‌వే మీద పెద్దగా 27 అని రాసి ఉంది. 27వ రన్‌వేనా? అన్ని ఉన్నాయా? (నాలుగో తరగతి, హైదరాబాద్)

జవాబు: లేవు కన్నా. అది 270లో చివరి సున్నా తీసేసిన అంకె. ఆ వైపుగా పరుగెత్తే విమానం ముక్కు 270 డిగ్రీలకు, అంటే పడమరకు చూస్తుంది. అదే రన్‌వే రెండో చివరన 09 అని రాసి ఉంటుంది, అటు నుంచి వస్తే తూర్పు. రెండింటి మధ్య తేడా 18. పైన వరంగల్ అక్క ఉత్తరంలో చదివిన 180 ఇదే, రన్‌వేకి కూడా ముందు బేరింగ్, వెనక బేరింగ్ ఉంటాయి. విశాఖపట్నం రన్‌వేకి 10, 28 అని ఉంటాయి, అది కొంచెం తిరిగి ఉందన్నమాట. ఈ అంకెలు ముల్లు ఉత్తరం నుంచి కొలిచినవి, అందుకే ముల్లు బాగా జరిగిపోయిన దేశాల్లో అప్పుడప్పుడూ రన్‌వే మీద అంకెలు చెరిపి కొత్తవి రాస్తారు.

విమానాలు గాలికి ఎదురుగా పైకి లేస్తాయి. వర్షాకాలంలో మనకు గాలి పడమర నుంచి వీస్తుంది. నువ్వు వెళ్ళింది ఏ నెలలో? వర్షాకాలంలోనే అయి ఉంటుందని నా అనుమానం. అమ్మను అడిగి నాకు రాయి.